సిస్టర్ యూనికేకు నైట్ ఆఫ్

9 జులై 2025, బుధవారం

ఎండ కళ్లలో పడింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

చేవెళ్ల చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక ముగించుకుని నా కారులో నేనే మొయినాబాద్ తిరిగి వస్తున్నాను. మా సందు మలుపులో హన్మయ్య బంతిపూల బండికి కారు ముక్కు తగిలింది. తగిలింది అనడం కూడా ఎక్కువే, ఆనింది. బండి ఒరిగింది, పూలు రోడ్డు మీద పడ్డాయి. మనిషికి గీత కూడా పడలేదు, దేవునికి స్తోత్రం. అతను వచ్చి అద్దం మీద టకటకా కొట్టి, "మేడమ్! ఓ మేడమ్! లేవుండ్రి!" అని అరిచాడు. కూర్చుని కారు నడుపుతున్న మనిషిని లేవమనడం ఏం మర్యాదో.

దిగి, నా గొడుగు అతని నెత్తిన పట్టి, పూలు మరీ తడిసిపోకముందే అన్నీ ఏరించాను.

సాయంత్రం ప్రేమ్‌చంద్ ఆఫీసు నుంచి వచ్చాడు. సంగతి వాడికి అప్పటికే చేరింది. గోడ మేకుకున్న కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. నేను కన్న కొడుకు. నా కారు.

10 జులై

అసలు సంగతి, బ్రేకు సరిగా పడలేదు. వాడికీ అదే చెప్పాను.

"నిన్న ఎండ అంటివి గదమ్మా."

"ఎండల బ్రేకు పడలేదు."

"నిన్న పొద్దంత వాన."

ఇంజనీరు చదువులు చదివిస్తే ఇదీ ఫలం, తల్లి మాటలో తేదీలు వెతుకుతారు.

తరువాత కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు స్టీరింగు మీద నిద్రవోయినవ్. హన్మయ్య చూసిండు. బాపు పోయినకాడి నుంచి నువ్వు మంచమెక్కలే. హాల్ల గా కుర్చీల కూసుంటవ్, కన్ను మూస్తవ్, తెరుస్తవ్. గది నిద్రనా?"

"దవాఖానల నర్సింగ్ సూపరింటెండెంటు దాకా వచ్చిన దాన్నిరా. నా సర్వీసంత నైట్ డ్యూటీలే. కుర్చీల నిద్ర నాకు నేర్పుతవా?"

"నేర్పుత లేను. మంచం మీద పండుకొని సక్కగ నిద్రవోతున్నవని నాకు నమ్మకం కుదరనియ్యి. ఆ రోజు తాళాలు నీ చేతుల పెడ్త. గప్పటిదాంక బస్సున్నది, ఆటో ఉన్నది."

మంచం పరుపు మెత్తన. నా నడుముకు పడదు. ఎన్నిసార్లు చెప్పాలి?

12 జులై

రాత్రి కుర్చీలో బాగానే నిద్ర పట్టింది. ఒంటిగంటకు నీళ్ల ట్యాంకరు వెళ్లింది. వెనకింటి కుక్క మొరిగింది, కాసేపటికి దాని చుట్టాలు వచ్చి కలిశాయి. తరువాత చినుకులు. నాలుగింటికి పాల బండి. అంతా ప్రశాంతం.

13 జులై, ఆదివారం

మనవరాలు కెజియా నా చేతికి ఒక నల్ల వాచీ కట్టింది. మనిషి ఎంతసేపు నిద్రపోయిందీ, ఎంత లోతుగా పోయిందీ దానికి తెలుస్తుందట. దాని మాటే సాక్ష్యంగా తీసుకుంటానని ప్రేమ్‌చంద్ అన్నాడు. కన్నతల్లి మాట చెల్లదు, పట్టీ మాట చెల్లుతుంది.

14 జులై

వాచీ నా నిద్రకు నూటికి పంతొమ్మిది మార్కులు వేసింది. జీవితంలో నాకు ఇంత తక్కువ మార్కులు ఎవరూ వేయలేదు.

15 జులై

పిల్ల పడుకున్నాక వాచీ తీసి దాని చేతికి కట్టాను. కడుపునిండా తిని, పంతొమ్మిదేళ్ల వయసులో నిద్రపోయే పిల్ల, మార్కులు బాగా వస్తాయనుకున్నాను.

పదకొండు. దుప్పటిలో ఫోను చూస్తూ ఉంటుందట. పిల్ల నా దొంగతనం బయటపెట్టలేదు కానీ నా పరువు మరింత పోయింది. కోడలు మమత ఆ అంకె చూసి నాకు రాగిజావ కాచి ఇచ్చింది.

16 జులై, బుధవారం

బస్సులో చేవెళ్ల వెళ్లాను. మెహిదీపట్నం నుంచి నిండి వచ్చిన బస్సు. నన్ను చూసి లేచి సీటివ్వబోయిన అమ్మాయికి అక్కర్లేదన్నాను, తరువాత దారంతా చింతించాను.

చర్చి గుమ్మంలో బీరమ్మ. మా దవాఖానలో ఆయాగా చేసిన మనిషి, నాకంటే ముందే రిటైరయింది, నోరు ఇంకా సర్వీసులోనే ఉంది. "ఏం సిస్టరమ్మా, కారేది? కొడుకు గుంజుకున్నడట?"

"రిపేరుకిచ్చిన."

"కారునా, నిన్నా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. ప్రార్థన కోసం వచ్చినవాళ్లు.

18 జులై

వాన. కాలేజీకి సెలవు. కెజియా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక ఆట ఆడుతోంది. పొద్దుపోక చూశాను. ఊరు ఊరంతా చచ్చిపోయి, చచ్చినవాళ్లందరూ లేచి తిరుగుతుంటారు. బతికున్న ఒక్క మనిషిని మనం కాపాడుకోవాలి. అంతే ఆట. పునరుత్థానాన్ని ఇంతగా అవమానించినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

"వీండ్లను జాంబీలంటరవ్వా."

"సోమవారం పొద్దున ఓపీ లెక్కనే ఉన్నరు. గదే నడక, గదే మూలుగు, అందరూ ఒక్క తలుపు మీదనే పడుడు."

దానికి నవ్వాగలేదు. "నువ్వాడతవా?"

"నాకేం పని లేదా?"

పని లేదు. కారు లేదు కాబట్టి.

నా మనిషికి సిస్టర్ యూనికే అని పేరు పెట్టాను. నర్సు ఉద్యోగం ఇచ్చాను. ఊరి చివర ఒక ఇల్లు దొరికింది. మధ్యాహ్నానికి కట్టు కట్టడం, టిన్ను కోయడం, తలుపు వేయడం నేర్చుకున్నాను. తెర మీద పక్కన ఒక చిన్న మొహం ఆవలిస్తూ కనపడింది. నిద్ర వస్తోందన్నమాట. యూనికేను తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను.

"మంచమున్నది గదవ్వా లోపల."

"డ్యూటీల ఉన్న మనిషి."

19 జులై

యూనికే చచ్చిపోయింది.

21 జులై

రెండో యూనికే చచ్చిపోయింది. ఈ ఆట తయారుచేసినవాడికి నర్సింగ్ అంటే ఏమిటో తెలియదు.

కెజియా చెప్పేది ఇది. కుర్చీలో కూర్చుంటే ఆయాసం తగ్గుతుంది, నిద్ర తీరదు. "దమ్ము వేరే, నిద్ర వేరే అవ్వా. దమ్ముకు కూసుంటే సాలు. నిద్రకు పండుకోవాలె. కుర్చీల పండుకుంటే సగం గూడ లెక్కకు రాదు." నిద్ర తీరని మనిషికి తెర మీద చూపు అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వస్తుంది. కొట్టిన దెబ్బకు బలముండదు. పక్క నుంచి వచ్చేవాడు కనపడడు. రెండో యూనికే గేటు దగ్గర నిలబడి ఎదురుగా చూస్తూనే, పక్కనున్నవాడి చేతిలో పోయింది.

"కాఫీ తాపితే?"

"మొహం ఆవలింత ఆపుతది. నిద్ర తీరదు."

నేను రోజుకు ఆరు కప్పులు తాగుతాను. ఆ విషయం దానికి చెప్పాల్సిన పని లేదు.

23 జులై, బుధవారం

వాచీ ఇరవై రెండు వేసింది. పెరుగుతోంది.

కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఏం చెబుతున్నానో మధ్యలో పోయింది. బీరమ్మ వెనక నుంచి "ఆమేన్" అని కాపాడింది.

24 జులై

మూడో యూనికే. పాత ఇంట్లోనే పెట్టాను, నాకు ఆ ఇల్లు అలవాటైంది. ఈసారి కుర్చీ వద్దు, మంచం మీదే పడుకోబెట్టాను. పిల్ల మాట విన్నానని దానికి గర్వం రాకుండా, "నడుము నొప్పి తగ్గింది ఆమెకు" అన్నాను.

పడుకోలేదు. మంచం మీద నొక్కితే తెర మీద ఏదో వాక్యం వచ్చి పోతోంది.

"భయంగున్నదంటున్నది" అంది కెజియా. "భయమున్నా, నొప్పి ఉన్నా నిద్ర రాదవ్వా ఈ ఆటల."

"దేనికి భయం? తలుపు వేసినం. కిటికీకి దుప్పటి కట్టినం. బయట ఎవ్వరు లేరు."

"గదే చూడాలె. ఇంట్ల తిప్పు ఆమెను."

తిప్పాను. వంటగది, స్నానాలగది. పక్కగది తలుపు తీయలేదు.

"గా రూమేంది?"

"ఏం లేదు."

కెజియా నా చేతిలోంచి మౌసు తీసుకుని ఆ తలుపు తెరిచింది. మంచం పక్కన నేల మీద ఒక మనిషి. ఆట మొదలైనప్పటి నుంచి అక్కడే ఉన్నాడు, ఆ ఇంటి యజమాని కాబోలు. మొదటి యూనికే ఉన్నప్పుడే చూశాను. మనిషిని ఈడ్చి వాకిట్లో పడేయడానికి నాకు చేతులు రాలేదు. తలుపు దగ్గరగా వేశాను.

"అవ్వా! శవాన్ని పక్కరూముల పెట్టుకొని, ఈమె ఇన్నొద్దులు కుర్చీల కూసొని కావలి కాసిందా?"

"ఊకనే కూసున్నది."

"ఎవలికోసం? ఈ ఇంట్ల ఎవ్వరున్నరవ్వా, కాయనీకె?"

మమత పిలుస్తోందని చెప్పి లేచాను. మమత పిలవలేదు.

25 జులై

రాయడానికేమీ లేదు.

26 జులై

వార్డులో పేషెంటు లేకపోతే నైట్ సిస్టర్ కుర్చీ వేసుకుని కూర్చోదు. పరుపు చుట్టి, చార్టు తీసేసి, తాళం వేసి, చార్జి అప్పగించి ఇంటికి పోతుంది. ఈ రూలు నేనే ఎంతమంది అమ్మాయిలకు చెప్పానో. దవాఖానలో ఆయన ఉన్నన్నాళ్లు ఆ ప్లాస్టిక్ కుర్చీ నాదే. ప్రేమ్‌చంద్ వచ్చి "నేను కూసుంటనమ్మా, నువ్వు ఇంటికి పో" అన్నా లేవలేదు. ఊపిరి ఎలా ఉందో వినే చెవి వాడికి లేదన్నాను. నిజమే, వాడికి లేదు. ఆయన పోయిన తెల్లవారుజామున ఊపిరి ఆగడం విన్నది కూడా నా చెవే.

దాన్ని మూయడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

27 జులై, ఆదివారం

చర్చి నుంచి వచ్చి, అన్నం తిన్నాక, కెజియాను పిలిచి ల్యాప్‌టాప్ తెరవమన్నాను. యూనికేకు పార దొరికింది. పెరట్లో గుంత తవ్వించాను. ఆ మనిషిని తెచ్చి పెట్టించాను. ఈ ఆటలో గుంత తవ్వడానికి మీట ఉంది, పూడ్చడానికి ఉంది, ప్రార్థన చేయడానికి లేదు. నేనే పైకి చేశాను, మామూలుగా సమాధి దగ్గర చేసేదే, చిన్నది. కళ్లు తెరిచి చూస్తే కెజియా తల వంచుకుని చున్నీ నెత్తిన కప్పుకుని ఉంది. గుమ్మంలో మమత కూడా, చేతిలో గరిటెతో.

తరువాత యూనికేను మంచం మీద పడుకోబెట్టాను.

పడుకుంది. తెర నల్లబడింది, గడియారం గిరగిరా తిరిగింది. తెల్లారి లేచింది. ఆవలించే మొహం లేదు.

ఏదో పెద్ద ఆపరేషన్ చేసి బయటికి వచ్చినట్టు చెమట పట్టింది నాకు.

28 జులై

ప్రయోగం కోసం మాత్రమే మా గది తలుపు తీశాను. దుప్పట్లు మార్పించాను. కాఫీ మధ్యాహ్నంతో ఆపాను. కర్టెను వేశాను. పడుకున్నాను, ఎప్పటిలా నా వైపు. పక్కకు చేయి పెడితే చల్లగా ఉంది. లేచి కుర్చీకి వచ్చాను. ముప్ఫై ఒకటి.

29 జులై

పరుపు నిజంగానే మెత్తన.

31 జులై

ఈ ఆలోచన యూనికే వల్ల రాలేదు, నా సొంతం.

మంచం మీద నేను ఎప్పుడూ తలుపు వైపు, ఆయన కిటికీ వైపు. నిన్న నేను కిటికీ వైపు పడుకున్నాను, ఆయన చోట. అక్కడ ఆయన నడుముకు పడిన గుంట ఉంది, నాకూ సరిపోయింది. అప్పుడు ఖాళీగా ఉన్నది నా వైపు. నేను లేని చోటు చూసి నేనెందుకు బెంగపడాలి? నేను ఇక్కడే ఉన్నాను కదా.

నీళ్ల ట్యాంకరు వెళ్లిందో లేదో తెలియదు.

1 ఆగస్టు

అరవై నాలుగు. ఫస్టు క్లాసు.

వాచీ ఎవరి చేతికి కట్టావని ప్రేమ్‌చంద్ అడిగాడు. దాని ఖర్మ నా చేతికే ఉందన్నాను. నమ్మలేదు. ఒక్క రోజు చాలదట, వారమంతా చూడాలట. వీడు పుట్టినప్పుడు కూడా ఇంతే, రమ్మంటే రాలేదు, రెండు రోజులు సతాయించాడు.

5 ఆగస్టు

డెబ్బై ఒకటి. నిన్న అరవై తొమ్మిది. అంతకుముందు రాత్రి యాభై, దానికి కారణం మమత వండిన గోంగూర మటన్, నా శోకం కాదు.

9 ఆగస్టు, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి. ఇలాంటి రోజులు ఈ వయసులో ఊరికే రావు.

ఆ ఆటలో ఒక రోజు సైరన్ మోగుతుంది. ఊళ్లో ఉన్న శవాలన్నీ ఆ చప్పుడుకు కదిలి ఒకేసారి వస్తాయి. కెజియా ఎప్పుడూ ఆ రోజు దాటలేదు. దాని క్లాసు పిల్లవాడు రంజిత్, తనే పెద్ద ఆటగాడినని చెప్పుకునేవాడు, వాడూ దాటలేదు. ఈ రోజు మా ఇంటికి వచ్చాడు, నా ఓటమి చూడడానికి. సేమియా పాయసం పెట్టాను. మనం ఓడించబోయేవాళ్లకు తిండి పెట్టాలి.

సైరన్‌కు ముందు రోజు అందరూ మేలుకుని కోట కడతారట. నేను యూనికేతో పగలంతా పలకలు కొట్టించి, చీకటి పడగానే పడుకోబెట్టాను.

"ఆంటీ, ఇప్పుడు పండుకుంటరా ఎవలన్న?" అన్నాడు రంజిత్. "ఇంక వెనక వాకిలి కట్టలే!"

"వెనక వాకిలి కావాలనే ఇడిసిన. తిను, మాట్లాడకు."

ఈ పిల్లలు చేసే తప్పు నాకు అప్పటికే అర్థమైంది. అన్ని తలుపులూ మూసి కూర్చుంటే, జనం అన్ని తలుపుల మీదా పడతారు. ఇది ఓపీ నడిపిన మనిషికి చెప్పాల్సిన పని లేదు. అన్నీ మూసి ఒక్క తలుపు తెరవాలి, ఆ తలుపు ముందు బల్లలు అడ్డం పెట్టి సన్నటి దారి వదలాలి. అప్పుడు ఎంత గుంపైనా ఒక్కొక్కరే వస్తారు. మా దవాఖానలో డాక్టర్లకు ఈ పద్ధతి నేర్పింది నేను.

సైరన్ మోగింది. తెర నిండా వచ్చారు. కెజియా నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. "అవ్వా ఉరుకు! ఉరుకవ్వా!"

"ఎందుకురుకుడు? నెంబరొచ్చినోడే లోపలికొస్తడు."

ఒకడు. ఇంకొకడు. యూనికే చేతిలో పారే ఆయుధం. తెర అంచుల్లో చీకటి లేదు, పక్కగా వచ్చేవాడు కూడా స్పష్టంగా కనపడుతున్నాడు. దెబ్బకు ఒకడు పడుతున్నాడు. ఆయాసం మొహం రాగానే వెనక్కి తగ్గి, రెండో తలుపు వేసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను.

"కూసున్నది! వాండ్లు తలుపు వలగ్గొడుతుంటే కూసున్నది!" రంజిత్ పాయసం గిన్నె కింద పెట్టేశాడు.

"దమ్ముకు కూసుంటే సాలు" అన్నాను. "నిద్ర రాత్రే అయిపోయింది."

నిద్ర తీరిన మనిషి కాబట్టి చప్పున కోలుకుంది. లేచింది. తలుపు తీసింది. మళ్లీ ఓపీ మొదలు. ఇలా ఎన్ని విడతలో లెక్కపెట్టలేదు. చివరికి వాకిట్లో నిలబడి ఉన్నది యూనికే ఒక్కతే. సైరన్ ఆగిపోయింది. ఎండ వచ్చింది, ఈసారి నిజంగానే.

కెజియా కుర్చీ ఎక్కి అరిచింది. మమత వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏం జరిగిందో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. రంజిత్ లేచి నిలబడి, "ఆంటీ, మా టీంలకు వస్తరా?" అన్నాడు.

"ముందు ఆంటీ అనుడు మానుకో. మేడమ్ అను. తరువాత చూద్దాం."

10 ఆగస్టు, ఆదివారం

నేను లేచేసరికి ఎనిమిది దాటింది. జీవితంలో ఆదివారం ఇలా ఎప్పుడూ జరగలేదు. కెజియా వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లిందట. సండే స్కూలు పాఠం చెప్పాలని అదీ మమతా స్కూటీ మీద ముందే చేవెళ్ల చర్చికి వెళ్లిపోయారు.

హాల్లో ప్రేమ్‌చంద్ ఒక్కడే ఉన్నాడు, తెల్లచొక్కా వేసుకుని. బల్ల మీద తాళాలు. "ఎనభై రెండు" అన్నాడు. "వారమాయె, చూస్తనే ఉన్న. నడుపు."

"నువ్వు పక్కన కూసుంటవా, పరీక్ష పెట్టనీకె?"

"కూసుంట."

చీర కట్టుకుని వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు వాడు వెనక్కి జరిపేశాడు, నా చోటికి తెచ్చుకున్నాను. సందు మలుపులో హన్మయ్య నన్ను చూసి బండిని రెండు అడుగులు లోపలికి లాక్కున్నాడు. చేయి ఊపాను. ఊపాడు, జాగ్రత్తగా.

పెద్దరోడ్డు ఎక్కాం. రెండుపక్కలా పచ్చగా ఉంది. వాడు కాసేపు నా కాళ్ల వైపు చూశాడు, బ్రేకు మీద పెడుతున్నానా లేదా అని. తరువాత నా మొహం వైపు.

"కండ్లు తెరిసే ఉన్నయి" అన్నాను.

"నాకు నమ్మకమే." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు, "నువ్వు కుర్చీల ఉన్నన్నొద్దులు రాత్రిపూట లేసి వచ్చి చూసేటోన్ని. ఊపిరి తీస్తున్నవా లేదా అని. బాపు లెక్క నువ్వు గూడ..."

"నాకు వినపడలే."

"చెప్పులిడిసి వచ్చేటోన్ని."

ఏదో అనబోయాను. తిరిగి చూస్తే వాడి తల అద్దానికి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రపోయాడు. నేను నడుపుతున్న కారులో, నా పక్కన, బెల్టు కింద చేతులు పెట్టుకుని, గురక పెడుతూ. ఐదు నిమిషాల్లో నమ్మకం అంతా చూపించేశాడు.

స్పీడు బ్రేకర్లను బ్యాండేజీ విప్పినంత మెల్లగా దాటించాను. వెనక లారీవాడు హారన్ కొడితే పక్కకు తప్పుకుని, ముందుకు పోనిచ్చాను. చేవెళ్ల వచ్చింది. చర్చి గేటు దగ్గర బీరమ్మ నిలబడి నా కారును చూసింది, నోరు తెరిచింది, చేయి అడ్డం పెట్టింది. లోపల మొదటి పాట మొదలైపోయింది.

ఆపితే వాడు లేస్తాడు.

ఆపలేదు. బీరమ్మ అద్దంలో చిన్నదై పోయేదాకా ఏదో తిడుతూనే ఉంది. దేవునికి నేను తరువాత చెప్పుకుంటాను, ఆయన వింటాడు. రోడ్డు ఖాళీగా, తిన్నగా మన్నెగూడ వైపు పోతోంది, ట్యాంకులో పెట్రోలు ఉంది, నాకు కొంచెం కూడా నిద్ర రావడం లేదు.